విశ్వాసి కుంగిపోతే విశ్వాసం తగ్గినట్టేనా?

కాదు, నిరాశ కలగడం విశ్వాసం తగ్గిందనడానికి గుర్తు కాదు. క్రైస్తవుల నిరీక్షణకు, అంటే ఆశకు, ఆధారం ఆ రోజు మన మూడ్ కాదు, యేసు చనిపోయి తిరిగి లేచాడన్న నమ్మకం. అందుకే అందులో ఏడుపుకీ చోటుంది. బైబిల్లోని 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. 88వ కీర్తనైతే చీకటే నాకు చుట్టమైందంటూ ముగిసిపోతుంది. చివర ఓదార్పు మాట ఒక్కటీ అతికించలేదు. అదీ ప్రార్థనే.

బైబిల్లోని ఏలీయానే చూడండి (1 రాజులు గ్రంథం, 19వ అధ్యాయం). కర్మెలు కొండ మీద బయలు దేవుడి ప్రవక్తలపై అంత గెలుపు చూసిన ప్రవక్త, రాణి యెజెబెలు చంపుతానని కబురు పంపేసరికి అడవిలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవదూత మందలించలేదు, ప్రసంగమూ చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు తల దగ్గర ఉంచి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. తర్వాత తట్టి లేపి, చాలా దూరం వెళ్లాలి, ఇంకాస్త తినమన్నాడు.

చాలామంది పొరబడేది ఇక్కడే: ప్రార్థన చేస్తే చాలు, డాక్టర్ దగ్గరికి వెళ్తే అవిశ్వాసమని. ఇది ప్రమాదకరమైన మాట. డిప్రెషన్ జబ్బు, దానికి వైద్యం ఉంది. ప్రార్థన, మందులు కలిసే సాగొచ్చు. దిగులు వారాల తరబడి వదలకపోయినా, చనిపోవాలనిపించినా వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పండి, డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.