ఆ ఫైలు చదవడం మీకు వచ్చు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది పెరంబూరు. నా వయసు 57. మావారు రైల్వే కోచ్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. ఆ మరుసటి ఏడాదే గొంతు క్యాన్సర్ అని తేలింది. రెండేళ్లు అడయార్ ఆసుపత్రి చుట్టూ తిరిగాం. పోయిన సంవత్సరం సంక్రాంతి వెళ్లాక ఆయన పోయారు. ఇప్పటికీ అడయార్ వెళ్లే 29సి బస్సు కనబడితే కడుపులో తిప్పుతుంది. అబ్బాయికి షోలింగనల్లూరులో ఉద్యోగం, అమ్మాయి పుణేలో ఉంటుంది. ఇంట్లో నేనొక్కదాన్నే. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. ఆయనకి నొప్పి మాత్ర ఇచ్చే వేళ అది.

మా పుట్టిల్లు నాయుడుపేట. ఈమధ్య మా పెదనాన్నగారి మనవడు వాళ్ల నాన్నని చెన్నైకి తీసుకొచ్చి, ఏ కౌంటర్ దగ్గర నిలబడాలో తెలియక నాకు ఫోన్ చేశాడు. వెళ్లి సాయంత్రం దాకా వాళ్లతోనే ఉన్నాను. ఆ రాత్రి చాన్నాళ్లకి తెల్లారేదాకా నిద్రపోయాను. మన ఊళ్ల నుంచి వచ్చే ఇలాంటివాళ్లకి తోడుగా ఉండాలని ఉంది. అబ్బాయి ఒప్పుకోవడం లేదు. ‘మళ్లీ ఆసుపత్రేనా అమ్మా, నీకేమైనా అయితే?’ అంటాడు. మా ఆడపడుచు ‘ఏడాది తిరిగిందో లేదో ఊరి మీద పడింది అనుకుంటారు’ అంది. ఇది సాయమో, ఇంట్లో ఉండలేక పారిపోవడమో నాకే తెలియడం లేదు. ఆయన వాడిన ఎయిర్ బెడ్, వాకర్, మిగిలిన మందులు ఇంకా ఆ గదిలోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ఇంట్లో ఉండలేకే వెళ్తున్నారనుకుందాం. తప్పేముంది? గుడికి వెళ్లేవాళ్లలో సగం మంది అందుకే వెళ్తారు. మీ ఆడపడుచుగారి మాట పక్కన పెట్టండి. రాత్రి మూడింటికి లేచి కూర్చునేది ఆవిడ కాదు కదా! మీ అబ్బాయి మాట మాత్రం పక్కన పెట్టకండి. దాని సంగతి తర్వాత చెప్తాను.

నా ఉద్యోగమంతా మద్రాసు ఆసుపత్రుల్లోనే గడిచింది, సోషల్ వర్కర్‌గా. ‘నలుగురికీ సేవ చేస్తే దుఃఖం మరిచిపోతావు’ అని పలకరించడానికి వచ్చినవాళ్లందరూ చెప్పేవాళ్లు. అలా మరిచిపోయిన మనిషి నాకైతే తగల్లేదు. నేను చూసింది వేరు. మంగళవారం తొమ్మిదింటికల్లా ఫలానా చోట ఉండాలి అన్న పని ఉన్నవాళ్లు సోమవారం రాత్రే చీర తీసి పెట్టుకుంటారు, అలారం పెట్టుకుంటారు, పొద్దున్న ఇడ్లీ రెండు తినే బయల్దేరతారు. నాకు తెలిసిన లాభం ఇంతవరకే. మీకా రాత్రి నిద్ర పట్టింది కూడా ఇందుకే అనుకుంటాను. పొద్దుటి నుంచి నిలబడ్డారు, తిరిగారు, అలసిపోయారు.

ఇక మీ చేతిలో ఏముందో చూద్దాం. నెల్లూరు వైపు నుంచి వచ్చే కుటుంబం ఊళ్లో బయాప్సీ చేయించుకుని, ఒక్క రిపోర్టు కాగితం పట్టుకుని రైలెక్కుతుంది. ఇక్కడ డాక్టర్లు ఆ బయాప్సీ ముక్కతో చేసిన స్లైడ్లు, బ్లాకులు కూడా తెమ్మంటారు. ఆ మాట ముందే చెప్పేవాళ్లు లేక ఒక మనిషి మళ్లీ ఊరికి వెళ్లి రావాలి. కీమో రోజున రక్తపరీక్ష రిపోర్టు చేతిలో లేకపోతే ఆ రోజు వృథా కావచ్చు. రేడియేషన్ కోసం ఒంటి మీద గీసిన గుర్తుల్ని సబ్బు పెట్టి రుద్దకూడదు. ముక్కు గొట్టంలోంచి పాలు పోసేటప్పుడు మనిషిని పడుకోబెట్టకూడదు. ఫైలులో కాగితాలు తేదీల వరసలో ఉంటే డాక్టరు ముందు మీకు దొరికే ఆ నాలుగు నిమిషాలూ వెతుకులాటకి పోవు. ఇవన్నీ మీకు వచ్చు. తమిళం చదవడం వచ్చు. పుస్తకాల్లో చదివి నేర్చుకున్నవి కావు, రెండేళ్లు ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నవి. వాటిని ఆ గదిలో ఎయిర్ బెడ్ పక్కన పెట్టి తాళం వేయడం నాకిష్టం లేదు.

అలాగని రేపే అడయార్‌కి బయల్దేరకండి. మీరు రెండేళ్లు తిరిగిన ఆ ఆసుపత్రి కథ మీకు తెలిసే ఉంటుంది. దాన్ని పెట్టిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిగారి చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయింది 1920లలో. ఆసుపత్రి తెరుచుకుంది 1954లో, 12 పడకలతో. అప్పటికి ఆవిడకి 70 ఏళ్లు దగ్గరపడ్డాయి. మధ్యలో ఆవిడ ఊరికే కూర్చోలేదు. శాసనమండలికి వెళ్లారు, దేవదాసీ విధానం మీద పోరాడారు, 1930లో దిక్కులేని ఆడపిల్లల కోసం అవ్వై హోమ్ పెట్టారు. చెల్లెలి కోసం అనుకున్న పని మాత్రం దాని సమయానికే అయింది. అంత పెద్ద మనిషికే మూడు దశాబ్దాలు పట్టింది కదా, మీరు మూడు నెలలు ఆగడానికి మొహమాటపడక్కర్లేదు. 29సి ఎక్కితే కడుపులో తిప్పుతున్నంతకాలం ఎక్కకండి.

మీకు దగ్గర దారి సెంట్రల్. పెరంబూరులో లోకల్ ఎక్కితే అక్కడ దిగుతారు. రోడ్డు దాటితే జనరల్ ఆసుపత్రి. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లలో చాలామంది దిగేదీ అక్కడే. కానీ నేరుగా ఓపీలోకి వెళ్లి తెలుగు మాట వినబడినచోటల్లా పలకరించకండి. పెద్దాసుపత్రుల ముందు బ్రోకర్లు చేసే పని అదే. మన జనం తెలుగు వినగానే నమ్మేస్తారని తెలిసి వాళ్లూ తెలుగే మాట్లాడతారు. ముందు ఆసుపత్రి ఆఫీసులో గానీ, మెడికల్ సోషల్ వర్కర్ దగ్గర గానీ అడగండి. ఆధార్ కాపీ, ఒక ఫోటో తీసుకెళ్లండి. ‘వారానికి రెండు పూటలు వస్తాను, తెలుగు-తమిళం రెండూ వచ్చు, జీతం వద్దు’ అనండి. మెడలో కార్డు వేసుకోనిస్తేనే వెళ్లండి. ఒకచోట కాదంటే ఇంకోచోట అడగండి. తెలుగు రోగులు లేని పెద్దాసుపత్రి ఈ ఊళ్లో లేదు.

వెళ్లాక ఒక్క ప్రశ్నకి మాత్రం ఇంట్లోనే జవాబు సిద్ధం చేసుకోండి. మాటల్లో ‘మావారికీ ఇదే వచ్చింది’ అని మీ నోటి వెంట వచ్చేస్తుంది. అవతలావిడ వెంటనే ‘ఇప్పుడెలా ఉన్నారండీ?’ అంటుంది. ఆవిడ మీ మొహంలోకి చూస్తూ ఉంటుంది. అబద్ధం చెప్పలేరు, నిజం చెప్తే ఆవిడ అక్కడే కూలబడుతుంది. నన్నడిగితే ఆ మాట అసలు ఎత్తవద్దు. ఎత్తితే మాత్రం ‘ఆయన లేరమ్మా. మీవారి సంగతి వేరు, లోపలికెళ్లి డాక్టరుగారినే అడుగుదాం పద’ అని లేవండి. మందుల గురించి, ఈ డాక్టరు మంచివారా ఆ డాక్టరు మంచివారా అన్న దాని గురించి నోరు విప్పకండి. డబ్బు ఇవ్వకండి, మీ ఫోన్ నంబరూ ఇవ్వకండి. ఇస్తే రాత్రి మూడింటికి ఫోన్ మోగుతుంది, మీరు ఎలాగూ మెలకువగానే ఉంటారు, ఎత్తేస్తారు. జలుబు చేసినా, జ్వరం ఉన్నా ఆ వారం మానేయండి. కీమో తీసుకుంటున్నవాళ్లకి మీ తుమ్ము చాలు ప్రమాదం తేవడానికి.

రైల్వే మనిషి భార్య కాబట్టి ఇది మీకు సులువుగా తలకెక్కుతుంది. చికిత్సకి ప్రయాణించే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత ఫారం మీద డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. ఈ ఫారం సంగతి తెలియక అప్పు చేసి టికెట్ కొన్నవాళ్లని ఎంతమందిని చూశానో! ఆంధ్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం చెన్నైలో కొన్ని ఆసుపత్రుల్లో, కొన్ని చికిత్సలకే వర్తిస్తుంది. ఏది దేనికన్నది ఊళ్లో ఉన్నప్పుడే అక్కడి ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే వైద్యమిత్రని అడిగి బయల్దేరాలి. మీ పెదనాన్నగారి మనవడికి ముందు ఈ రెండూ చెప్పండి, అతను పదిమందికి చెప్తాడు.

ఇప్పుడు మీ అబ్బాయి. అతను మిమ్మల్ని ఆపుతున్నాడనుకోకండి, నాన్నని చూసినచోట అమ్మని చూడలేనంటున్నాడు. సంవత్సరం క్రితం అతనికీ నాన్న పోయాడన్న సంగతి ఇళ్లలో త్వరగా మరుగున పడుతుంది. ‘సేవ’ అని పెద్ద మాట అనకుండా రోజు, టైమ్, ఏ రైలుకి తిరిగి వస్తారో చెప్పండి. మొదటి రోజు సెంట్రల్ దాకా రమ్మనండి. రానంటే బలవంతం చేయకండి.

గదిలో సామాన్ల విషయం. ఎయిర్ బెడ్, వాకర్ శుభ్రంగా తుడిచి, బెడ్ పంపు పనిచేస్తోందో లేదో చూసి ఇచ్చేయండి. తమిళనాడులో 2021 నుంచి మక్కళై తేడి మరుత్తువం పథకం కింద మంచాన పడ్డవాళ్ల ఇళ్లకి నర్సులు వెళ్తున్నారు. మీ పేట ఆరోగ్య కేంద్రంలో అడిగితే అవి ఏ ఇంటికి కావాలో వాళ్లకి తెలుసు. మందులు మాత్రం ఎవరికీ ఇవ్వద్దు, ఎంత ఖరీదైనవైనా సరే. వాటిలో మార్ఫిన్ మాత్రలుంటే ఇచ్చిన చోటికే లెక్కపెట్టి తిరిగి అప్పగించండి. ఆ ఒక్క పనికి అడయార్ వెళ్లడం మీవల్ల కాకపోతే అబ్బాయిని పంపండి. ఆయన చొక్కాల జోలికి ఎవరు తొందరపెట్టినా వెళ్లకండి, అవి చోటేమీ తినవు.

నిద్ర ఇలాగే కొన్ని వారాలు పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, ఆయన దగ్గరికే వెళ్లిపోతే బాగుండుననిపించినా, ఈ ఆసుపత్రి పని మొదలుపెట్టకుండా ముందు డాక్టర్ని కలవండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్‌లో, అంటే మనసు బాగోనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయంలో, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఉచితం. రాత్రి మూడింటికైనా ఎత్తుతారు.

ప్రశ్న: మా అబ్బాయి 24 ఏళ్లకే బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. కళ్లు దానం చేశాం. అవి ఎవరికి పెట్టారో ఐ బ్యాంకువాళ్లు చెప్పడం లేదు. ఒక్కసారి చూడాలని ఉంది. ఒకరు కాలేజీకి పిలిచి హెల్మెట్ గురించి నాతో మాట్లాడించారు. ఇంటికొచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. మళ్లీ పిలుస్తున్నారు. వెళ్లకపోతే ఇంకో పిల్లాడు పోతాడేమో అనిపిస్తోంది. (అంబత్తూరు నుంచి ఒక తండ్రి)

జవాబు: అన్నగారూ, వెళ్లకండి. ప్రతి నెలా రెండొందల మంది ముందు మీ బిడ్డ చావుని మొదటి నుంచి చెప్పుకు రావాల్సిన బాకీ మీకు ఎవరికీ లేదు. పిలిచేవాళ్లు మంచివాళ్లే, కానీ వాళ్లకి ఆ సభ అయిపోయాక ఇంకో సభ ఉంటుంది.

కళ్లు ఎవరికన్నది చెప్పకపోవడం పద్ధతి. రెండు వైపులవాళ్ల మంచికీ అది అవసరం. పెట్టేది కంటిపొర, కార్నియా ఒక్కటే. మామూలుగా ఒకరి కళ్లు ఇద్దరికి చూపునిస్తాయి.

మీకు తెలిసి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మనిషి పోయిన ఇంట్లో ఆరు గంటల లోపు ఐ బ్యాంకుకి ఎవరో ఫోన్ చేయాలి. ఆ లోపు రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు ఎత్తుగా పెట్టాలి. ఇష్టం ఉన్న ఇళ్లలో కూడా ఆ వేళకి ఎవరికీ తోచక సమయం దాటిపోతుంది. కళ్లజోడు ఉందనో, శుక్లాల ఆపరేషన్ అయిందనో, షుగర్ ఉందనో పనికిరావేమో అని వాళ్లే మానేస్తారు. వీటిలో ఏదీ అడ్డం కాదు, వయసూ అడ్డం కాదు. మీ కాలనీలో ఆ ఫోన్ చేసే మనిషి మీరు అవ్వగలరేమో చూడండి. మైకు అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి, దగ్గరి డాక్టర్‌కి మీ పేరు తెలిస్తే చాలు. చావింటి గడప తొక్కడం ఇప్పుడే మీవల్ల కాదంటే ఫోన్‌లోనే చెప్పండి.

హెల్మెట్ గురించి చెప్పకుండా ఉండలేనంటే మీ వీధి కుర్రాళ్లకి హెల్మెట్ మీద నాణ్యతకి వేసే ఐఎస్ 4151 గుర్తు ఎక్కడ ఉంటుందో చూపించండి, గడ్డం కింద పట్టీ బిగించమనండి. మీ వాడి పేరు ఎత్తకుండానే ఈ రెండూ చెప్పవచ్చు.

ప్రశ్న: మా అమ్మ కార్పొరేషన్ స్కూల్లో తెలుగు టీచరు. ఆవిడ పేరు మీద ట్రస్టు పెట్టాలని అన్నదమ్ములం అనుకుంటున్నాం. 2 లక్షలు పోగయ్యాయి. సరిపోతుందా? (కొడుంగైయూరు)

జవాబు: ట్రస్టుకి సరిపోదు, అమ్మకి సరిపోతుంది. ట్రస్టు అంటే రిజిస్ట్రేషన్, పాన్, ఏటా లెక్కలు, ఆడిటర్, చివరికి అన్నదమ్ముల మధ్య సంతకాల గొడవ. 2 లక్షలు బ్యాంకులో వేస్తే ఏడాదికి పన్నెండు, పదమూడు వేల వడ్డీ రావచ్చు. ఆవిడ పనిచేసిన బడి నుంచే కాలేజీకి వెళ్తున్న ఒక ఆడపిల్లని చూసుకోండి. ప్రభుత్వ బడిలో 6 నుంచి 12 దాకా చదివిన అమ్మాయిలకి కాలేజీలో నెలకి 1,000 రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకం 2022లో మొదలైంది. అది బస్సుకీ తిండికీ అయిపోతుంది. పరీక్ష ఫీజు, రికార్డు పుస్తకాలు, యూనిఫారం దగ్గరే చదువు ఆగేది. అవి మీరు నేరుగా కాలేజీలో కట్టండి. పిల్లని ఇంటికి పిలిచి ఫోటో తీయకండి. డిపాజిట్ ఇద్దరి పేరా వేయండి, నామినీ కాలమ్ ఖాళీగా వదలకండి.