తర్కదోషాల పేర్లు నేర్చుకున్నాక మా ఇంట్లో జరిగినది

తర్కదోషాలను, సంశయదృష్టిని ఇంటర్నెట్‌లో సొంతంగా నేర్చుకోవచ్చా, నేర్చుకుంటే నిత్యజీవితంలో పనికివస్తాయా అని మీరు అడిగారు. నేర్చుకోవచ్చు. పనికిరావడం మాటకొస్తే, నాకు మొదటి ఏడాది అవి ఇంట్లో తగాదాలు పెంచడానికే పనికివచ్చాయని ఒప్పుకోక తప్పదు.

2020 లాక్‌డౌన్‌లో తీరిక దొరికి, వీడియోలు చూస్తూ, వ్యాసాలు చదువుతూ ముప్పై నలభై దోషాల పేర్లు నోట్‌బుక్కులో రాసుకున్నాను. వాదనను వదిలి మనిషిని తిట్టడం, ఎదుటివాడు అనని మాటను అతనికి అంటగట్టి దాన్ని ఖండించడం, ఒకదాని తర్వాత ఒకటి జరిగింది కాబట్టి మొదటిదే రెండోదానికి కారణమనుకోవడం, ఇలాంటివన్నీ. ఈ చివరిదాని గురించి హెచ్చరించడానికి మన భాషలో కాకతాళీయమనే చక్కటి మాట ఎప్పటినుంచో ఉంది: కాకి వాలిన క్షణంలోనే తాటిపండు రాలడం యాదృచ్ఛికమే, కాకి బరువుకే రాలిందనుకోవడం పొరపాటు. పేర్లు వచ్చాక ఊరుకోవడం కష్టం. ఎవరు నోరు తెరిచినా నాకు ఏదో ఒక దోషం కనిపించేది.

2021 నవంబరులో వానలు తిరుపతిని ముంచెత్తాయి. ఆ నెలాఖరులో శ్రీకృష్ణనగర్‌లోని ఒక ఇంటి ఆవరణలో, భూమిలోకి దించిన సిమెంటు ఒరల నీటి సంపు, శుభ్రం చేస్తూ ఉండగానే నేలను చీల్చుకొని పైకి లేచింది. మేముండే ఎం.ఆర్.పల్లికి అది ఎంతో దూరం కాదు కాబట్టి మా పెదనాయన వెళ్ళి చూసి వచ్చి, "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పినాడు రా, ఇట్లాంటి వింతలన్నీ జరుగుతాయని. నీ చదువు దీనికేం చెప్తాది?" అన్నారు. నేను వెంటనే నోట్‌బుక్కు తెరవకుండానే అప్పజెప్పాను: కారణం తెలియనంత మాత్రాన అది మహిమ అయిపోదని, జరిగిపోయినదానికి పాత మాటను తెచ్చి అతికించడం ఇంకో దోషమని. ఆయన ఓపిగ్గా విని, "పేర్లు పెట్టినావు, బాగుంది. అది ఎందుకు లేచిందో చెప్పు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే కారణం పెద్ద కష్టమైనదేమీ కాదని తెలిసింది. లెక్క కోసం నాలుగడుగుల వ్యాసం, పదిహేను అడుగుల లోతు, కాంక్రీటు అడుగు ఉన్న సంపును అనుకుందాం. చుట్టూ నేల నీటితో నిండిపోతే ఆ సంపు పక్కకు నెట్టే నీటి బరువు సుమారు 5 టన్నులు; నీరు దాన్ని పైకి తోసే బలమూ అంతే. రెండంగుళాల మందం గల ఒరల బరువు అందులో సగం కూడా ఉండదు. లోపల నీళ్ళు ఉన్నంతకాలం ఆ బరువు సంపును అణచి ఉంచుతుంది. శుభ్రం చేయడానికి వాటిని తోడేస్తే, నానిన మట్టికి పట్టు లేక, అది పడవలాగా తేలుతుంది. మర్నాడు బక్కెట్టు నీళ్ళలో ఖాళీ స్టీలు చెంబును, అంచు మునగకుండా, పెదనాయన చేతనే నొక్కించాను. అరచేతిని చెంబు పైకి తోస్తుంటే ఆయన కాసేపు మాట్లాడలేదు. చెంబు నిండా నీళ్ళు పోయగానే అది అడుగున కూర్చుంది. అప్పుడు ఆయన అడిగారు: "అట్లయితే మన సంపు ఎందుకు లేవలేదు?"

నేను నేర్చుకున్న నలభై పేర్లలో ఏదీ నాచేత ఆ ప్రశ్న అడిగించలేదు. జరిగినచోట ఏముందో చూడడంతో ఆపకుండా, జరగనిచోట ఏముందో కూడా చూడాలన్న ఆలోచన దోషాల పట్టికలు చదవని పెద్దాయనకు తట్టింది. (మా సంపు అప్పటికి నిండుగా ఉంది. లేవకపోవడానికి అదొక్కటే కారణమో కాదో చూడడానికి దాన్ని ఖాళీ చేసే ధైర్యం మాత్రం మాలో ఎవరికీ లేకపోయింది.)

ఆ తర్వాతే న్యాయశాస్త్రం వైపు, అంటే మన ప్రాచీన తర్కశాస్త్రం వైపు చూశాను. మన ఊరి సంస్కృత విశ్వవిద్యాలయంలో అది ఈనాటికీ బోధించే శాస్త్రమే. గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడుగా విడదీస్తాయి: సత్యం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని పడగొట్టడానికే చేసేది వితండ. ఏడాదిగా పెదనాయనతో నేను చేస్తున్నది ఆ మూడోదేనని చదివిన వెంటనే తెలిసి సిగ్గు వేసింది.

మీరు మొదలుపెట్టేటట్లయితే, పేర్ల జాబితాలకన్నా ముందు ఒక చిన్న ఆట ఆడి చూడండి. పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో ప్రచురించిన ప్రయోగం అది. 2, 4, 6 అనే అంకెలు ఒక నియమాన్ని పాటిస్తున్నాయని చెప్పి, మీరు వేరే మూడేసి అంకెలు చెబుతూ పోతే అవి నియమానికి సరిపోతాయో లేదో మాత్రమే ఆట నడిపేవాళ్ళు చెబుతారు; మీరు నియమాన్ని కనుక్కోవాలి. చాలామంది 8, 10, 12 అంటూ తమ ఊహకు సరిపోయేవే చెప్పి, రెండేసి పెరిగే సంఖ్యలని ధీమాగా తేల్చేస్తారు. అసలు నియమం పెరుగుతూ పోయే ఏ మూడు అంకెలైనా అని. 1, 2, 17 అని ఒక్కసారి అడిగి ఉంటే ఊహ తప్పని తెలిసిపోయేది. నేను నాలుగో ప్రయత్నానికే ధీమాగా తప్పు చెప్పాను.

ఒక వాదనలో దోషం పట్టుకున్నంత మాత్రాన దాని ముగింపు అబద్ధమైపోదన్న సంగతి కూడా ఈ చదువులో ఆలస్యంగా వస్తుంది, ముందే తెలుసుకుంటే మంచిది. దోషం పేరు తెలిసినంత మాత్రాన మనం దాన్ని చేయకుండా ఉండమన్నదీ అంతే: మా తమ్ముణ్ణి ఒక కోచింగ్ సెంటర్లో చేర్చేటప్పుడు ఫ్లెక్సీ మీది ర్యాంకుల ఫోటోలు చూసి మురిసిపోయింది నేనే, ఎంతమంది చేరితే అన్ని ర్యాంకులు వచ్చాయని అడగనిదీ నేనే. గెలిచినవాళ్ళనే చూసి మిగతావాళ్ళను లెక్కలోకి తీసుకోకపోవడమనే ఆ దోషం పేరు అప్పటికే నోట్‌బుక్కులో ఉంది. డబ్బు కట్టి ఇంటికి వచ్చాక పెదనాయన అడిగారు, ఫ్లెక్సీలో లేని పిల్లలు ఎంతమంది అని.

ఇప్పుడు ఇంటి వాట్సాప్ గ్రూపులో ఏ చిట్కావైద్యం వచ్చినా, దాని కింద ఎవరో ఒకరు "మన సంపు ఎందుకు లేవలేదు?" అని రాస్తారు. పోయిన నెల నేను పంపిన మెసేజి కింద ఆ మాట రాసింది మా పెద్దమ్మ.