లోఫోటెన్‌కి బయల్దేరే ముందు

చిరంజీవి కార్తీక్‌కి,

పిన్ని ఆశీస్సులు. సింధుకి కూడా చెప్పు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. నాలుగు రోజులు, పదిహేడు చోట్లు! జూన్ నెలైతే సరేలే అనేదాన్ని, అప్పుడు అర్ధరాత్రి కూడా సూర్యుడుంటాడు. నార్వే ఉత్తరాన ఉన్న ఈ లోఫోటెన్ దీవుల్లో చలికాలం మన మాట చెల్లదు. వెలుగు ఎంతసేపుంటే అంతసేపు, గాలి ఎక్కడికి పోనిస్తే అక్కడికి. సగం చోట్లు ఇప్పుడే కొట్టేయ్.

ముందు తేదీల సంగతి. జనవరి మొదటి వారం టికెట్లు చవకగా దొరుకుతున్నాయని మురిసిపోకు. డిసెంబరు మొదటి వారం దాటాక దాదాపు నెల రోజులు అక్కడ సూర్యుడు పైకే రాడు. మధ్యాహ్నం పూట కాసేపు నీలంగా మసక వెలుగు పరుచుకుంటుంది, అంతే. ఫిబ్రవరి మొదట్లో పగలు ఆరు గంటలు, నెలాఖరుకి తొమ్మిది. ఫిబ్రవరి చివర గానీ మార్చి మొదట్లో గానీ పెట్టుకోండి. కొండల మీద మంచు నిండుగా ఉంటుంది, చూడ్డానికి వెలుగుంటుంది, రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగుకి, అదే అరోరాకి, కావలసిన చీకటీ ఉంటుంది.

స్వీడన్‌లోని కిరునాలో కారు తీసుకుని ఒక్క రోజులో లోఫోటెన్ చివరనున్న రైనె చేరతామన్నావు. అయిదు వందల కిలోమీటర్ల పైమాటే అది. పైగా సరిహద్దు దగ్గర బ్యోర్న్‌ఫ్యెల్ కనుమలో మంచుగాలి లేస్తే రోడ్డు మూసేస్తారు, లేదా బండ్లన్నీ వరసలో నిలబెట్టి మంచు తీసే బండి వెనక ఒక్కొక్క జట్టునీ పంపిస్తారు. ఆ వరసలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. హాయిగా ఎవెనెస్‌కి విమానంలో వచ్చి అక్కడే కారు తీసుకోండి. 2007లో కొత్త రోడ్డు వేశాక ఫెర్రీ ఎక్కే పని లేకుండా ఈ10 హైవే మీదే లోఫోటెన్‌లోని స్వోల్వేర్ వెళ్లిపోవచ్చు. నూట అరవై, నూట డెబ్భై కిలోమీటర్లుంటుంది. మూడున్నర గంటలు అనుకోండి, చీకటి పడకముందే చేరేలా పొద్దున విమానం చూసుకోండి. సందెవేళ ఆ దారిలో దుప్పి జాతిది, గుర్రమంత ఎత్తుండే మూస్, రోడ్డుకి అడ్డం వస్తుంది.

మొదటి రాత్రి స్వోల్వేర్, తర్వాత రెండు రాత్రులు హామ్నోయ్ లేదా రైనె, చివరి రాత్రి మళ్లీ స్వోల్వేర్ వైపు. ఆ చివరి రాత్రి విషయంలో బేరాలాడకు. రాంబర్గ్ దాటాక రోడ్డు ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రం మధ్య నడుస్తుంది. కొండ మీది మంచుచరియలు విరిగిపడే భయముంటే మూసేస్తారు, వేరే దారి లేదు. విమానం రోజు పొద్దున రైనెలో ఇరుక్కుంటే చేసేదేమీ ఉండదు.

ఇక డ్రైవింగు. వెచ్చటి సముద్ర ప్రవాహం పుణ్యమా అని లోఫోటెన్‌లో చలి అంత భయంకరంగా ఉండదు, సున్నా చుట్టూనే తిరుగుతుంటుంది. అదే అసలు చిక్కు. మైనస్ పదిహేనులో మంచు పొడిగా, గరుగ్గా ఉండి టైరుకి పట్టు దొరుకుతుంది. సున్నా దగ్గర పగలు కరిగి రాత్రి గడ్డకడుతుంది, దాని మీద సన్నగా వాన పడిందంటే రోడ్డు అద్దమే. నల్లటి తారు కనిపిస్తోంది కదా, తడిగా ఉందేమోలే అనుకుంటావు. అది తడి కాదు.

మేకులున్న టైర్లు కావాలని బుక్ చేసేటప్పుడే రాసి అడుగు. ఆ ఉత్తర జిల్లాల్లో అక్టోబరు 16 నుంచి ఏప్రిల్ 30 దాకా వాటికి అనుమతి ఉంది. కారు తీసుకోగానే ఖాళీ రోడ్డు చూసి, వెనక ఎవరూ లేనప్పుడు, నెమ్మదిగా పోతూ ఒకసారి గట్టిగా బ్రేకు తొక్కు. పెడల్ కాలికింద గడగడలాడుతుంది, కారు ఎంత దూరం పోయి ఆగుతుందో తెలుస్తుంది. ఆ దూరం మనసులో పెట్టుకో. బోర్డు మీద 80 అనుంటే 80లో పోవాలని రూలేం లేదు. ఊరివాళ్లు వెనక వచ్చి నిలిస్తే కంగారుపడి వేగం పెంచకు, బస్సులు ఆగే చోట పక్కకి తీసి వాళ్లని పోనివ్వు. రోడ్డు అంచున పొడుగాటి కర్రలు పాతి ఉంటాయి, లైటు పడితే మెరుస్తాయి. మంచు కురిసేటప్పుడు రోడ్డెక్కడో, గట్టెక్కడో చెప్పేవి అవే. లైట్లు పగలు కూడా వేసుండాలి. ఆటోమేటిక్‌లో వదిలేస్తే కొన్ని కార్లలో వెనక లైట్లు వెలగవు, చేత్తోనే వెయ్యి. ముందు రోజు రాత్రి తాగి పొద్దున్నే స్టీరింగు పట్టుకోవడాలు అక్కడ కుదరవు, నార్వేలో రక్తంలో మద్యం పరిమితి వెయ్యికి 0.2 వంతు మాత్రమే.

ఫొటో కోసమని ఈ10 మీద కారు ఆపొద్దు. అక్కడివాళ్లకి టూరిస్టుల మీదున్న పెద్ద కోపం అదే, నాకూ అదే.

రోజూ పొద్దున్నే మూడు చూడు: వాతావరణానికి యర్ సైటు, రోడ్డు మూసిందో తెరిచిందో తెలియడానికి రోడ్ల శాఖ ట్రాఫిక్ మ్యాపు (175కి ఫోన్ చేసినా చెప్తారు), మంచుచరియల హెచ్చరికలకి వార్సమ్ సైటు. యర్‌లో డిగ్రీలు కాదు, గాలి చూడు. సెకనుకి 20 మీటర్లంటే గంటకి 72 కిలోమీటర్లు. అలాంటి రోజు వంతెనలు దాటే పని పెట్టుకోకు. కారు తలుపు తీసేటప్పుడు రెండు చేతులతో పట్టుకో, గాలి లాగేసి వంచేస్తే అద్దెకారు బిల్లు నీకే.

చూడాల్సినవాటిలో రైనెబ్రింగెన్ ఎక్కడం కొట్టేయ్. నేపాల్ నుంచి వచ్చిన షెర్పాలు రాతిమెట్లు కట్టారు, నిజమే. చలికాలం ఆ మెట్లు మంచు కింద ఉంటాయి, కొండకి మంచుచరియల పేరుంది. కింద నుంచి చూసినా రైనె రైనెయే. హెన్నింగ్స్‌వేర్ ఉంచు, హౌక్‌లాండ్ బీచి ఉంచు. ‘ఓ’ (Å) అనే ఊరు రోడ్డు చివర ఉంది కాబట్టి చూడాలనిపిస్తుంది, వీలైతే చూడు. మిగతావి దారిలో వస్తే వచ్చినట్టు.

నువ్వు రాయనిది ఒకటి నేను చేరుస్తాను: చేపలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి ఇక్కడికొస్తాయి, వాటినే స్క్రై అంటారు. ఈ ఊళ్లు బతికిందే వాటి మీద. తలలు తీసి, రెండేసి చేపల్ని తోకల దగ్గర కట్టి, చెక్క పందిళ్ల మీద వేలాడదీస్తారు. ఫిబ్రవరి చివర వెళ్తే పచ్చిచేపలు కొత్తగా ఎక్కిస్తుంటారు. మన ఉప్పాడ వైపు ఉప్పు పట్టించి ఎండలో పెడతారు కదా, ఇక్కడ ఉప్పూ లేదు, ఎండా లేదు. పనంతా చల్లగాలిదే. మరీ గడ్డకడితే కండ చెడుతుంది, వెచ్చబడితే ఈగలు ముసురుతాయి. నీ టైర్లకి శత్రువైన ఆ సున్నా డిగ్రీలే చేపకి సరిగ్గా సరిపోతాయి. తలల్ని విడిగా ఎండబెట్టి నైజీరియాకి పంపుతారు. అక్కడ పులుసుల్లో వేసుకుంటారట. నాలుకలు కోసే పని మాత్రం బడి పిల్లలది, పాకెట్ మనీ వాళ్లకి. కత్తి ఆడించడం చూస్తే నోరెళ్లబెడతావు. సింధు వాసనకి ముక్కు మూసుకుంటుందేమో, గాలి వచ్చే వైపు నిలబెట్టు.

తిండికి ఇబ్బంది పడకండి. రోర్బు అని జాలర్ల ఎర్ర చెక్క ఇళ్లుంటాయి, వంటగది ఉన్నదే తీసుకోండి. చలికాలం చాలా హోటళ్లు మూసి ఉంటాయి, ఆదివారం పెద్ద కిరాణా కొట్లూ తియ్యరు. శనివారమే లెక్‌నెస్‌లో సరుకులు కొనుక్కుని, పెట్రోలైనా చార్జింగైనా అక్కడే నింపుకుని ముందుకి పొండి. బియ్యం, కందిపప్పు, ఆవకాయ, పులిహోర పొడి తెచ్చుకుంటే చాలు.

బట్టల్లో లోపలి వరస ఉన్నిది ఉండాలి, కాటన్ వద్దు. చెమటకి తడిస్తే ఇక ఆరదు. బూట్లకి తొడిగే మేకుల పట్టీలు స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతాయి, అవి దిగిన రోజే కొనండి. రోడ్డు మీద కన్నా కారు దిగి నడిచేటప్పుడు పడేవాళ్లే ఎక్కువ.

అరోరా యాప్‌లో అది ఎంత బలంగా ఉంటుందో చెప్పే అంకె చూసి బెంగపెట్టుకోకు. లోఫోటెన్ 68 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మామూలు రాత్రి కూడా కనిపిస్తుంది. మబ్బు లేకపోతే చాలు. దాని వెంట రాత్రిపూట కారులో పరుగులొద్దు. గుమ్మం లైటు ఆర్పి బయటికొచ్చి నిలబడండి.

ప్లాన్ మళ్లీ రాసి పంపు. మధ్యలో ఒక రోజు ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేసి ఉంటేనే విమానం టికెట్లు కొను.

ఇట్లు
పిన్ని