నాన్న పొలం పంచుకునే ముందు అమ్మనీ చెల్లినీ పక్కన కూర్చోబెట్టుకోండి

మీ నాన్నగారు గతేడాది వీలునామా రాయకుండా కాలం చేశారనీ, ఐదెకరాలుంటే అన్నదమ్ములిద్దరూ చెరి రెండున్నర రాసుకుందామనుకుంటున్నారనీ రాశారు. చెల్లికి పెళ్లప్పుడు కట్నం ఇచ్చేశాం కదా, ఇంకా వాటా ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. కట్నం ఇచ్చినంత మాత్రాన ఆ హక్కు పోదు. మా ఇంట్లో అలా కట్నంతో సరిపెట్టిన ఆడపిల్లని నేనే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూసుకోండి. ఆ పొలం మీ నాన్న తన సంపాదనతో కొన్నదైతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మకీ, మీ ముగ్గురికీ సమానం. తలా ఎకరం పాతిక సెంట్లు. మీ నాయనమ్మ బతికుంటే ఆవిడకీ వాటా ఉంటుంది, అప్పుడు తలా ఎకరం అవుతుంది. చాలామంది ఆవిణ్ణి మర్చిపోతారు.

తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే లెక్క వేరు. ముందు మీ నాన్న, మీరు ముగ్గురు, నాలుగు భాగాలు. తర్వాత నాన్న భాగాన్ని అమ్మకీ మీ ముగ్గురికీ మళ్లీ నాలుగు చేయాలి. అలా చేస్తే అమ్మకి వచ్చేది 31 సెంట్ల చిల్లర. మీకూ చెల్లికీ తలా ఎకరం 56 సెంట్లు. అయితే తాత నుంచి వచ్చిందల్లా ఉమ్మడి ఆస్తి కాదు. తాత సొంతంగా కొని, 1956 తర్వాత వీలునామా లేకుండా పోతే, అందులో మీ నాన్నకొచ్చిన వాటా ఆయన సొంత ఆస్తి కిందికే వస్తుంది. పాత దస్తావేజులన్నీ తీసుకెళ్లి వకీలుకి చూపించి ఈ ఒక్క సంగతి ముందు తేల్చుకోండి.

కూతురి హక్కు 2005లో కొత్తగా వచ్చిందని మన ఊళ్లలో అంటుంటారు. కానీ మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతా, పెళ్లయినవాళ్లకి కూడా వచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇక మా ఇంటి సంగతి. మాది పల్నాడు. సాగర్ కుడి కాలువ కింద రెండెకరాల మాగాణి, ఊరికి అవతల నాలుగెకరాల మెట్ట, అందులో ఒక బోరు. నాన్న 2017లో పోయారు. పెదకర్మ అయిన మర్నాడే పెద్దమనుషుల్ని పిలిచి పాలుపట్టీ రాశారు. నాన్న లెక్కలు రాసుకునే నోటుబుక్కులోంచి చించిన కాగితం అది. దాని వెనక పురుగుమందుల కొట్టు బాకీ నాన్న చేతిరాతలో ఉంది. మాగాణి సగం సగం, మెట్ట సగం సగం, అమ్మ ఆర్నెల్లు అన్నయ్య దగ్గర, ఆర్నెల్లు తమ్ముడి దగ్గర. నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఇంటికొచ్చాక గానీ తట్టలేదు, నా చేత సాక్షుల వరసలో పెట్టించారు. నాన్న పొలం పంపకానికి నేను సాక్షిని!

ఎకరాల లెక్క సరిగ్గా సరిపోయింది. నీళ్లూ దారీ ఎవరూ చూడలేదు. మెట్టలో బోరు అన్నయ్య ముక్కలో పడింది. మాగాణిలో రోడ్డు వైపు ముక్క తమ్ముడికి వచ్చింది. రెండేళ్లు మాట మీద నడిచింది. మూడో ఏడు తమ్ముడి మిరప కాపు మీద ఉండగా బోరులో నీళ్లు తగ్గాయి. తన చేను తడిసేదాకా ఇవ్వనని అన్నయ్య స్టార్టరు డబ్బాకి తాళం వేశాడు. పూతంతా రాలిపోయింది. తమ్ముడు ఊరుకుంటాడా, మాగాణిలో అన్నయ్య ట్రాక్టరు వెళ్లే దారికి కంప కొట్టాడు. మధ్యలో అమ్మ. చేతిసంచిలో రెండు చీరలు, బీపీ బిళ్లలు పెట్టుకుని ఈ వీధి నుంచి ఆ వీధికి తిరిగేది. బిళ్లలు అయిపోతే ఎవరిని అడగాలో తెలియక నాలుగు రోజులు వేసుకోకుండా ఉండిపోయిందని తర్వాత తెలిసి నాకు అన్నం సయించలేదు.

వకీలు దగ్గరికి వెళ్తే, పంపకం చేస్తూ రాసుకున్న కాగితాన్ని రిజిస్టరు చేయించకపోతే కోర్టులో హక్కుకి ఆధారంగా నిలబడదన్నాడు. రెవెన్యూ వాళ్ల భూమి రికార్డులైన అడంగల్లో, 1-బిలో పేర్లు మారితే చాలనుకుంటాం గానీ, ఆ పేరు మార్పు (మ్యుటేషన్) ఒక్కటే హక్కు ఇవ్వదు. అందుకే 2021లో మొత్తం మళ్లీ మొదలుపెట్టాం. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కోసం తిరుగుతుంటే మధ్యవర్తి ఒకడు, ఆడపిల్ల పేరు తీసేస్తే పని తొందరగా అవుతుందన్నాడు. అక్క పేరు లేని కాగితం నాకొద్దని తమ్ముడు అక్కడే తెగేసి చెప్పాడు. అప్పటిదాకా నాకు పొలం మీద పట్టుదల ఉండేది, ఆ మాటతో సగం పోయింది.

ఈసారి ముందు అమ్మని అడిగాం. మాగాణిలో రోడ్డు పక్క ఎకరం కావాలంది. దాన్ని తమ్ముడు కౌలుకి చేస్తున్నాడు, కౌలు డబ్బు అమ్మ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అమ్మ ఇప్పుడు నాన్న కట్టించిన ఇంట్లోనే ఉంటోంది, బిళ్లలు తనే కొనుక్కుంటోంది. నేను మెట్టలో అరవై సెంట్లు ఉంచుకుని, మిగతా హక్కు వదులుకుంటున్నట్టు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాను. అది నా ఇష్టంతో చేసిన పని. మీ చెల్లి ఒక్క సెంటూ వదలనంటే అదీ న్యాయమే.

మిగిలింది సర్వేయరుతో కొలిపించి, రాళ్లు పాతాక చీట్లు వేశాం. బోరు చుట్టూ ఐదు సెంట్లు ఉమ్మడిగా ఉంచి, ఎవరికి ఏ రోజులు నీళ్లో, కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉండాలో, మోటారు కాలితే ఖర్చు ఎలా పంచుకోవాలో దస్తావేజులోనే రాయించాం. పన్నెండు అడుగుల దారిని పటంలో గీయించాం. పాలేరు మనవరాలు, ఆరేళ్ల పిల్ల, ఇత్తడి చెంబులో చెయ్యి పెట్టి చీటీ తీసింది. అన్నయ్య దాన్ని విప్పకుండా చాలాసేపు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తమ్ముడి చేతికిచ్చి, నువ్వే చదవరా అన్నాడు. ఏడాదిన్నర తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే.

మీరు చెల్లికి ఫోన్ చేసేటప్పుడు సంతకానికి రమ్మనకండి, పొలం కొలిచే రోజున రమ్మనండి. సొసైటీలో, బ్యాంకులో నాన్న పేరున ఉన్న పంట రుణం ఎంతో పంపకానికి ముందే రాయించుకుని తెచ్చుకోండి. మా ఇంట్లో అది ఆఖర్న బయటపడి మళ్లీ గొడవైంది. కేంద్రం రైతులకిచ్చే పీఎం కిసాన్ డబ్బు విషయం కూడా అడిగారు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత పేరు మారిన భూములకి సాధారణంగా ఆ డబ్బు రాదు గానీ, యజమాని చనిపోయి వారసులకి వచ్చిన భూమికి మినహాయింపు ఉంది. కాబట్టి 1-బిలో మీ పేర్లు ఎక్కాక దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పొలం నాన్న కొన్నదో తాతల నాటిదో, బోరు ఏ వైపు ఉందో, నాయనమ్మ ఉన్నారో లేదో రాయండి. లెక్క వేసి చెబుతాను.