రాణిని పిలిస్తే ముసలామె వచ్చింది

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఇంటికి పెద్ద కోడలిని. ఎవరేం అడిగినా కాదనలేను, తర్వాత గదిలో కూర్చుని ఏడుస్తాను. ‘మీలోని రాణిని మేల్కొలపండి’ అనే ఆన్‌లైన్ క్లాసులో చేరాను. మన స్వభావం ఏ రకమో చెబుతుందనే ఆర్కిటైప్ పరీక్షలో నాకు ‘సేవకురాలు’ అని వచ్చింది. రోజూ ధ్యానంలో రాణిని తలచుకోమన్నారు. నాకేమో జుట్టు విరబోసుకుని కోపంగా చూసే ముసలామె కనిపిస్తోంది. భయమేసి మానేశాను. నాలో ఏదైనా లోపం ఉందా?

జవాబు: లోపం కాదమ్మా. కళ్లు మూసుకున్నప్పుడు ఒక రూపం కనబడి, తెరవగానే పోతుంటే భయపడాల్సిందేమీ లేదు. కళ్లు తెరిచి ఉండగా కూడా ఆమె కనిపించినా, గొంతు వినిపించినా, వరసగా రాత్రుళ్లు నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా మాత్రం ఆ ధ్యానం గానీ, నేను కింద చెప్పే సాధన గానీ చేయకండి. సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి పగలైనా రాత్రైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

ఇక క్లాసు సంగతి. స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ చెప్పిన ఆర్కిటైప్‌లు తల్లి, బిడ్డ, వీరుడు, జ్ఞానవృద్ధుడు లాంటివి. మనుషుల కలల్లో, కథల్లో మళ్లీ మళ్లీ కనిపించే అచ్చులు. ఏరుకుని తొడుక్కునేవి కావు. 12 రకాలుగా జనాన్ని విడదీసే పరీక్షలు కూడా ఆయన పెట్టినవి కావు. ‘మంచి కోడలు’ వేషం మోయలేక అలసిపోయిన మీకు ‘రాణి’ అనే ఇంకో వేషం ఎందుకు? పిలవకుండా వచ్చిన ఆ ముసలామే మీకు పనికొస్తుంది. ఇన్నేళ్లు మింగిన కోపం ఆమె ముఖంలో ఉందని నా అంచనా. అది నిజమో కాదో మీరు ఆమెనే అడగాలి. ఊహలో కనిపించిన రూపంతో ఇలా మాట్లాడి, ఆ మాటలు రాసుకునే సాధన యుంగ్ చెప్పినదే.

ఆ జుట్టు, ఆ చూపు ఎల్లమ్మ, పోలేరమ్మ జాతరల్లో చూసినవే కనుక ‘అమ్మవారు వస్తోందేమో’ అని ఇంట్లో ఎవరైనా అనొచ్చు. మీ భక్తి మీది, దాని జోలికి నేను రాను. కానీ పూనకంలో మనిషి పక్కకు తప్పుకుంటుంది, అమ్మవారు మాట్లాడుతుంది. ఈ సాధనలో మీరు తప్పుకోకూడదు. ఆమె మాట ఆమెది, మీ మాట మీది.

వారానికి రెండుసార్లు చాలు, రోజూ వద్దు. ఇల్లు ఖాళీగా ఉండే పగటి వేళ చూసుకోండి. నిద్రకు ముందు చేస్తే ఆ రూపం రాత్రంతా వదలకపోవచ్చు. కుర్చీలో పాదాలు నేలకు ఆనేలా కూర్చుని, ఫోన్‌లో 20 నిమిషాలకు అలారం పెట్టండి. ఐదు నిమిషాలు శ్వాస గమనించండి, వదిలే ఊపిరి కాస్త పొడవుగా ఉండనివ్వండి. ఆమె ఎక్కడ కనిపించిందో ఆ చోటును తలచుకుని ఆగండి. వచ్చాక ‘ఎందుకొచ్చావు? ఏం కావాలి?’ అని అడగండి. ‘నేను’, ‘ఆమె’ అని వేరువేరుగా నోటుబుక్కులో పెన్నుతోనే రాయండి. చేతి వేగం తక్కువ కాబట్టి మాట కల్పించే తొందర తగ్గుతుంది. ఆమె ‘ఇల్లు వదిలి పో’ అన్నా మీరు లోబడక్కర్లేదు: ‘పిల్లల్ని వదలను, ఇంకేదైనా చెప్పు’ అని వాదించండి. అలారం మోగగానే ‘ఈరోజుకు చాలు’ అని ఆమెకు చెప్పి, తారీఖు వేసి, పుస్తకం మూసి, ముఖం కడుక్కోండి. ఈ ముగింపును ఎక్కువమంది ఎగ్గొడతారు. సాయంత్రం ఊరికే చిరాకు పడుతున్నారంటే చాలాసార్లు కారణం అదే.

ఆమె ప్రతి జవాబూ మీరు కోరుకున్నట్టే ఉంటే అది మీరు రాసిన నాటకం. నిజమైన జవాబు కాస్త గుచ్చుతుంది, ఆశ్చర్యపెడుతుంది. పేజీలో ‘నేను’ వరుసలు లేకపోతే మీరు సీరియల్ చూస్తున్నట్టే, పగటికలలోకి జారిపోయారు. ఆమె ముఖం మీ అత్తగారిలా మారితే అక్కడే ఆపండి. బతికున్న మనిషితో తగువు ఊహలో తీర్చుకోవటం అలవాటైతే ఎదురుపడినప్పుడు మాట ఇంకా మొద్దుబారుతుంది. అన్నిటికన్నా ప్రమాదం, ఆమే మీరైపోవటం: కుర్చీ దిగి అందరినీ కసిరేసి ‘నాలోని శక్తి మేల్కొంది’ అనుకోవటం. యుంగ్ ఈ పద్ధతి గురించి 1916లో రాసిన వ్యాసం నాలుగు దశాబ్దాల తర్వాత గానీ అచ్చు కాలేదు. అప్పుడు చేర్చిన ముందుమాటలో ప్రమాదాల గురించి ఆయనే హెచ్చరించారు.

ఆమె అడిగినదానిలో ఒక చిన్న పని రెండు రోజుల్లోపు చేయండి, లేకపోతే ఇదంతా కాగితం మీదే ఉండిపోతుంది. ఉదాహరణకు ‘నీకంటూ ఒక పూట లేదు’ అని ఆమె అన్నదనుకోండి. ఆదివారం చుట్టాలు వచ్చాక వంటింట్లో గిన్నెలు విసిరికొట్టటం జవాబు కాదు. శుక్రవారం రాత్రే మీవారితో, ‘ఏవండీ, ఈ ఆదివారం మధ్యాహ్నం నేను వంట చేయను. బయట నుంచి తెప్పించండి, లేదా మీరు చూసుకోండి’ అనండి. కారణాలు పేర్చకండి, ఒక్కో కారణం ఒక్కో బేరానికి దారిస్తుంది. ఆయన ‘అమ్మేమంటుందో’ అంటే, ‘మీరే చెప్పండి, నేను పక్కనే ఉంటాను’ అనండి. గుండె దడదడలాడుతుంది, అయినా మాట మార్చకండి. ఆదివారం ఏం జరిగిందో తర్వాతిసారి కూర్చున్నప్పుడు ముందుగా ఆమెకు చెప్పి, అప్పుడు కొత్త ప్రశ్న అడగండి.