లావైపోతానని తిండి మానేస్తున్న పిల్లకు ఇంట్లో ఎలా సాయపడాలి?

లావైపోతానేమోనని మీ పదిహేనేళ్ల అమ్మాయి సరిగా తినడం లేదని, బతిమాలినా కోప్పడినా లాభం లేదని రాశారు. ఇది మొండితనం కాదు, జబ్బు. మీ పెంపకంలో తప్పనీ అనుకోకండి.

ముందు డాక్టరుకు చూపించండి. నాడి, బీపీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ అనే లవణాలు ఎంత ఉన్నాయో చూస్తారు. కళ్లు తిరిగి పడిపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. బాగా చిక్కిపోయిన పిల్లకు ఒక్కసారిగా ఎక్కువ పెట్టడమూ ప్రమాదమే, రక్తంలో ఫాస్ఫేట్ పడిపోతుంది. ఎంత పెట్టాలో డాక్టరునే అడగండి.

ఈ జబ్బుకు 1980లలో లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రిలో రూపుదిద్దుకున్న కుటుంబ చికిత్సలో మొదట్లో ఏం తినాలో, ఎంత తినాలో అమ్మానాన్నలే నిర్ణయిస్తారు. బరువు కుదుటపడ్డాక ఆ బాధ్యత మెల్లగా పిల్లకు అప్పగిస్తారు.

కంచం ముందు వాదన మాత్రం పెట్టుకోకండి. "ఇందులో ఎన్ని క్యాలరీలు?" అంటే లెక్క చెప్పొద్దు. "భయంగా ఉందని తెలుసమ్మా, పక్కనే ఉన్నా, ఇంకో ముద్ద తిను" అనండి, అంతే. తిన్నాక ఓ గంట తనతోనే ఉండండి, వాంతి చేసుకునే అలవాటుంటే మరీను. "ఇప్పుడు కాస్త ఒళ్లు చేశావు" అనే మెచ్చుకోలు కూడా వద్దు, తన చెవికి అది లావయ్యావన్నట్టే వినిపిస్తుంది. ఈ మాట చుట్టాలకూ ముందే చెప్పి ఉంచండి.