లోడు గేటు దగ్గర ఆగితే ఏం చేయాలి?

ప్రశ్న: ముత్తుకూరు వైపు ఒక రొయ్యల ప్లాంటులో ఈమధ్యే మేనేజర్‌ని అయ్యాను. వనామి రకం రొయ్యల లోడుల్లో తలల మీద నల్లమచ్చలు ఎక్కువగా వస్తున్నాయి. దించుకోవాలా, వెనక్కి పంపాలా తేలక అందరికీ ఫోన్లు చేస్తుంటే ఈలోపు సరుకు ఇంకా పాడవుతోంది. నిన్న కోపంలో ఐస్ వేసే కుర్రాణ్ణి పనిలోంచి తీసేశాను. ఏదీ సరిగ్గా తేల్చలేకపోతున్నా సార్, ఒకటే టెన్షన్.
- ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు ఆ కుర్రాణ్ణి వెనక్కి పిలవండి. తప్పు అతనిదేనని మీకింకా తెలీదు కదా.

గేటు దగ్గర లోడు సంగతి వేరు, మచ్చలు ఎందుకొస్తున్నాయన్నది వేరు, మీరు రెండూ ఒకేసారి తేల్చబోతున్నారు. మొదటిదానికి టైం ఉండదు. 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ చెప్పిందదే: మనిషికి సమాచారం, సమయం ఎప్పుడూ పూర్తిగా దొరకవు, అందుకే అన్నిటికన్నా గొప్ప దారి కోసం వెతక్కుండా, ఇంతైతే చాలు అని ముందే ఒక హద్దు పెట్టుకుని దానికి సరిపోయిన దారి పట్టుకుంటాడు. ఆ హద్దు మీరు అర్ధరాత్రి గేటు దగ్గర కాదు, పగలు ఓనరుతో, క్వాలిటీ వాళ్ళతో కూర్చుని పెట్టుకోవాలి. శాంపిల్‌లో ఎన్నిటికి మచ్చలుంటే వెనక్కి, ఎన్నిటికైతే తలలు తీసి హెడ్‌లెస్‌కి, సరుకు ఎంత చల్లగా ఉండాలి, అన్నీ కాగితం మీద పెట్టండి. అప్పుడు నైట్ షిఫ్ట్ సూపర్‌వైజరే తేల్చేస్తాడు, మీకు ఫోన్ రాదు.

రెండోదానికి మాత్రం ఓపిక కావాలి. రొయ్య చచ్చాక దాని ఒంట్లోని ఎంజైమే ఆక్సిజన్ తగిలి ఆ నలుపు తెస్తుంది, ఐస్ దాన్ని నెమ్మదిగా నడిపిస్తుందే గానీ పూర్తిగా ఆపదు. కాబట్టి ఐస్ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవద్దు. టయోటా కార్ల కంపెనీలో తైచి ఓనో అనే ఇంజనీరు అలవాటు చేసినట్టు ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడగండి. ఐస్ ఎందుకు చాల్లేదు? పట్టుబడి, అంటే గుంటలో రొయ్యలు పట్టే పని, ఎండెక్కేదాకా సాగింది. ఎందుకు? వలవాళ్ళు ఆలస్యంగా దిగారు. ఎందుకు? రేటు ఖాయమైంది తెల్లారాక. అలా అడుగుతూపోతే జవాబు మీ కొనుగోలు సెక్షన్ బల్ల మీదే దొరకొచ్చు, అప్పుడు ఆ కుర్రాణ్ణి తీసేసి ఏం లాభం?

తలలు తీసే ఆడవాళ్ళని తప్పక అడగండి, ఏ గుంట సరుకులో మచ్చలు ఎక్కువో వాళ్ళ చేతులకి తెలుస్తుంది. ప్రతి లోడుకీ గుంట, పట్టుబడి టైం, ఐస్ ఎంత, గేటుకి వచ్చిన టైం ఒక పుస్తకంలో రాయించండి, రేటు ఖాయం చేసే వేళ గురించి ఓనరుతో మాట్లాడేటప్పుడు అది చేతిలో ఉండాలి.